పళ్ల ఆసుపత్రిలో సూది గుచ్చుకుంటే దిక్కెవరు?

పన్ను నొప్పితో వెళ్లినవారికి కుర్చీ, పైన దీపం, ఎదుట డాక్టరుగారు కనిపిస్తారు. రోగి లేచి వెళ్లాక ట్రేలోని సూదులను, పనిముట్లను ఏరి కడిగే అమ్మాయి ఎవరి కంటా పడదు. ఈ నాలుగు మాటలు ఆమెను గురించే.

మన పట్టణంలోనే ఒక పళ్ల ఆసుపత్రిలో సహాయకురాలిగా ఉన్న అమ్మాయి నాకు తెలుసు. ఒకనాటి సాయంత్రం, వాడేసిన మత్తు సూదికి మూత పెట్టబోతే బొటనవేలికి గుచ్చుకుంది. రక్తం తుడుచుకుని, ప్లాస్టరు అంటించుకుని మళ్లీ పనిలో పడింది. డాక్టరుగారికి చెప్పలేదు. చెబితే పని చేతకాదని తీసేస్తారేమోనని భయం. మూడు వారాల తర్వాత వాళ్లమ్మ చెబితే నాకు తెలిసింది. అప్పటికే మందుకు గడువు దాటిపోయింది. అన్ని పరీక్షలూ అయి, ఏమీ లేదని తేలేవరకు ఆ ఇంట్లో ఆరు నెలలపాటు ఎవరికీ కంటిమీద కునుకు లేదు.

సూదిమీద హెచ్.ఐ.వి. ఉన్న రక్తం ఉంటే అది సోకే అవకాశం సుమారు వెయ్యింటికి మూడు. హెపటైటిస్-బి కామెర్ల సంగతి వేరు. టీకా లేని మనిషికి అది నూటికి ఆరు నుంచి ముప్ఫై దాకా సోకవచ్చు. ఎండిన రక్తంలో సైతం ఆ క్రిమి వారం రోజులు బతుకుతుంది. దీనికి మూడు మోతాదుల టీకా ఉంది. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ దానిని మన గడ్డమీదే తయారుచేసింది. అయినా సహాయకులలో ఎందరికి ఆ టీకా వేయించారో యజమానులు లెక్క చెప్పగలరా?

గుచ్చుకున్న వెంటనే చేయవలసినది కష్టమేమీ కాదు. సబ్బుతో, ధారగా పడే నీటితో కడగాలి. వేలిని పిండరాదు, నోట్లో పెట్టుకోరాదు, బ్లీచింగు వంటివి పోయరాదు. కంట్లో రక్తం చిందితే మంచినీటితో బాగా కడగాలి. ఆ తర్వాత క్షణం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పాలి. హెచ్.ఐ.వి. నివారణ మందు అవసరమని తేలితే రెండు గంటల్లో మొదలుపెట్టడం ఉత్తమం; 72 గంటలు దాటాక ఇవ్వరు. 28 రోజులు మానకుండా మింగాలి. హెపటైటిస్-బి టీకా లేనివారికి టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షను అవసరం కావచ్చు. అదీ 24 గంటల్లో అయితే మేలు. హెపటైటిస్-సికి టీకా లేదుగాని, పరీక్షలో బయటపడితే మాత్రలతో నయమవుతుంది. చెప్పకుండా దాచుకుంటే మాత్రం ఇవేవీ అక్కరకు రావు.

ఇది యజమాని దయాధర్మం మీద ఆధారపడే విషయం కాదు. 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం సిబ్బందికి రక్షణ సామగ్రి, శిక్షణ, ప్రమాదం జరిగితే నివారణ మందు సమకూర్చే బాధ్యత ఆరోగ్య సంస్థలదే. వాడిన సూదులను గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో వేయాలని 2016 నాటి వైద్య వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి.

చిన్న ఆసుపత్రులకు ఖర్చు భారమని కొందరు అనవచ్చు. సూదికి రెండో చేయి తగలకుండా, ట్రేలో ఉంచిన మూతలోకి ఒంటి చేత్తో దూర్చే పద్ధతికి పైసా ఖర్చు లేదు. చెప్పినవారిని తిట్టకపోవడానికి అంతకన్నా ఖర్చు లేదు.

పనిలో పెట్టుకునే ముందే టీకా వేయించాలి. సూది గుచ్చుకుంటే ఎక్కడికి వెళ్లాలో, ఎవరికి ఫోను చేయాలో గోడమీద రాసి ఉంచాలి. దంతవైద్యుల సంఘం ఒక ఆదివారం సహాయకులందరికీ శిక్షణ ఇస్తే ఎంతో మేలు. తనిఖీకి వెళ్లే జిల్లా వైద్యాధికారులు బోర్డు, రశీదులతోపాటు సహాయకుల టీకా కార్డులు కూడా అడగాలి. ప్రభుత్వాసుపత్రిలో ఆ మందు రాత్రివేళ సైతం అందేలా చూడాలి.

రోగులకూ ఒక మనవి. మీకు వాడిన సూది సహాయకురాలికి గుచ్చుకుని, మీ రక్తపరీక్షకు అనుమతి అడిగితే కోప్పడకండి. అది మీమీద అనుమానం కాదు, ఆ పిల్ల ప్రాణభయం. చేతులు కాలాక ఆకులు పట్టుకునే అలవాటు మనం ఇకనైనా మానుకోవాలి.