టెలికన్వర్టర్ కొనేముందు మౌంటు అడగండి

మేం ఉండే లండన్ ఇంగ్లండుది కాదు, కెనడాలో ఆంటారియోలోది. ఇక్కడ కెమెరా పిచ్చి ఉన్నవాళ్ళకి ఏడాదికి రెండు పండగలు. మార్చిలో ఎయిల్మర్ దగ్గర చిత్తడినేలల్లో టండ్రా హంసలు గుంపులు గుంపులుగా దిగుతాయి. సెప్టెంబరులో ఈరీ సరస్సు ఒడ్డున, పోర్ట్ స్టాన్లీ దగ్గరున్న హాక్ క్లిఫ్ మీదుగా డేగలు వలసపోతాయి. రెండు చోట్లా పక్షి ఎప్పుడూ లెన్సుకి అందే దూరం కంటే రవ్వంత అవతలే ఉంటుంది!

కెమెరా కంపెనీల సొంత 600 మి.మీ. ఎఫ్/4 లెన్సు కొనాలంటే పదివేల డాలర్లు దాటుతుంది. అంచేత మనవాళ్ళు చాలామంది సిగ్మా, టామ్రాన్ వాళ్ళ 150-600 జూమ్‌తో సరిపెట్టుకుంటారు. ఆ తర్వాత వచ్చే ప్రశ్న ఒకటే: "దీనికి టెలికన్వర్టర్ తగిలించుకోవచ్చునా?" దీనికి జవాబు అద్దాల నాణ్యతలో కంటే మౌంటులోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం.

టెలికన్వర్టర్ అంటే బాడీకీ లెన్సుకీ మధ్య బిగించే అద్దాల గొట్టం. 1.4 రెట్లది 600ని 840 చేస్తుంది. ఊరికే చెయ్యదు, సగం వెలుతురు కప్పం కట్టించుకుంటుంది. ఎఫ్/6.3 కాస్తా ఎఫ్/9 అవుతుంది. 2 రెట్లదైతే 1200 మి.మీ. వస్తుంది కాని, నాలుగోవంతు వెలుతురే మిగిలి సుమారు ఎఫ్/13 దగ్గర తేలుతుంది. మబ్బు పట్టిన మార్చి ఉదయాన అప్పుడిక ఐఎస్ఓ పెంచితే బొమ్మనిండా నలకలు. షట్టర్ వేగం తగ్గిస్తే హంస రెక్కలు అలుక్కుపోతాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

డీఎస్ఎల్ఆర్ రోజుల్లో మరో చిక్కుండేది. వాటి ఆటోఫోకస్ చాలామటుకు ఎఫ్/5.6 వరకు, కొన్నిటిలో ఎఫ్/8 వరకు పనిచేసేలా కట్టినది. కొందరు కన్వర్టర్ మీది పిన్నులకి టేపు అంటించి, కన్వర్టర్ ఉన్న సంగతే బాడీకి తెలియకుండా చేసేవారు. అదృష్టం బాగుంటే ఫోకస్ కుదిరేది, లేకపోతే లెన్సు ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉండేది. అది భౌతికశాస్త్రం పెట్టిన హద్దు. దానితో పేచీ లేదు.

మిర్రర్‌లెస్ కెమెరాలు ఫోకస్ పనిని ప్రధాన సెన్సరు మీదికే తెచ్చాక ఎఫ్/9 అంత పెద్ద అడ్డంకి కాకుండా పోయింది. సోనీ 2019లో తెచ్చిన సొంత 200-600 జూమ్ 1.4 రెట్ల కన్వర్టర్‌తో ఎఫ్/9 దగ్గర ఆటోఫోకస్ చేస్తుంది. మరి బయటి కంపెనీల జూముల సంగతేమిటి? 2021లో సిగ్మా తన 150-600 డీజీ డీఎన్ స్పోర్ట్స్ లెన్సుని రెండు మౌంట్లలో తెచ్చింది. ఎల్-మౌంటుకి చేసినదానికి సిగ్మా కన్వర్టర్లు పనిచేస్తాయి. సోనీ ఇ-మౌంటుకి చేసినదానికి పనికొచ్చే కన్వర్టర్ సిగ్మా దగ్గర లేదు, సోనీ కన్వర్టర్ దానికి పనిచెయ్యదు. రెంటిలోనూ అద్దాలు అవే! తేడా అల్లా ఒప్పందంలోనే. ఎల్-మౌంటుని 2018 నుంచి లైకా, పానాసోనిక్, సిగ్మా కలిసి పంచుకుంటున్నాయి. సోనీ 2011లో ఇ-మౌంటు వివరాలు ఇతరులకి ఇస్తానని ప్రకటించింది, కాని ఇచ్చినవి ప్రాథమిక వివరాలు మాత్రమే.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది కొత్త కథ కాదు. ఏపీఐలో సగం బయటపెట్టి, మిగతా సగం సొంత ఉత్పత్తులకి దాచుకోవడం మన ఆఫీసుల్లో రోజూ చూస్తున్నదే. "పెట్టుబడి మాది, నాణ్యతకి పూచీ మాది" అని కంపెనీ అనవచ్చు. ఆ వాదనలో కొంత న్యాయం ఉంది. బయటి లెన్సుతో ఫోకస్ తప్పితే తిట్లు తినేది బాడీ చేసినవాడే. అయితే పూచీ తీసుకోనని చెప్పడం వేరు, తలుపుకి తాళం వెయ్యడం వేరు. నా డబ్బుతో కొన్న బాడీకి ఏది తగిలించుకుని నష్టపోవాలో నిర్ణయించుకునే హక్కు నాకుండాలి.

ఆ తలుపు తెరిచేదాకా నా సలహా ఇది. ముందు క్రాప్ చేసి చూడండి. 24 మెగాపిక్సెళ్ళ బొమ్మని 1.4 రెట్లు బిగించి కోస్తే 12 దాకా మిగులుతాయి. 8×12 అంగుళాల ప్రింటుకి అవి చాలు. అదీ చాలదనిపిస్తే, కన్వర్టర్ కొనేముందు మీ లెన్సు మీ మౌంటులో ఏ కన్వర్టర్‌ని ఒప్పుకుంటుందో తయారీదారు పట్టికలో చూడండి. ఇంకా బాడీయే కొననివాళ్ళయితే మెగాపిక్సెళ్ళు లెక్కపెట్టే ముందు ఆ పట్టిక చదవండి. బాడీ మూడు నాలుగేళ్ళకి మారుతుంది. మౌంటుతో కాపురం మాత్రం చాలాకాలం చెయ్యాలి.