ఈ బేరములో అడ్తిదారుడెవడు?

కందులు అమ్ముకొనుటకు యార్డునకు పోయిన రైతునకు, తన చేతికి వచ్చిన ధరకును మిల్లువాడు ఇచ్చిన ధరకును నడుమ ఎవరెవరి చేతులున్నవో బాగుగా తెలియును. అడ్తిదారుని కమీషను, తూచు దడువాయి కూలి, హమాలీ కూలి, ఇవన్నియు వరుసగా తరిగిపోగా కడపట మిగిలినదే తన సొమ్మని అతడు ఎరుగును. ఒక వైపు నారాయణఖేడ్, మరియొక వైపు కర్ణాటకపు బీదర్ జిల్లా గల నాగల్‌గిద్ద మండలములో ఈ లెక్క పిల్లవానికిని క్రొత్త గాదు. అట్టి యింట పుట్టి, డిగ్రీ ముగించి, ఉద్యోగ ప్రకటనకై ఎదురుచూచుచు, ఉదయము తొమ్మిదింబావు కాగానే చేతిఫోనులో పది రూపాయల షేర్లు వేయి కొని, ఒకటి రెండు పైసలు పెరిగినంతనే అమ్మి, మరల కొని, మరల అమ్ము నొక యువకుని ఊహింపుడు. యార్డులో కోతలన్నియు వ్రాసి యిచ్చు తక్‌పట్టీని తండ్రి చదివినట్లు అతడు సాయంకాలము వచ్చు కాంట్రాక్టు నోటును చదువడు. పైగా ఈ బజారులో తాను కూర్చున్నది రైతు చోట గాదనియు, అడ్తిదారుని గద్దెపైననియు నమ్ముచున్నాడు. నా తగవంతయు ఆ నమ్మికతోనే.

కొనుగోలు ధరకును అమ్మకపు ధరకును నడుమనుండు తేడా దారిలో పడియున్న సొమ్ము గాదు. అది కాచుకొని యుండినందుకు లభించు కూలి. హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజి పుట్టిన 1943 నాటి షేరు బజారులలో జాబరనువాడు కొనువారికొక ధర, అమ్మువారికొక ధర చెప్పి, ఎవరు వచ్చినను సరకు తానే అందుకొని, ధర తలక్రిందులైనచో ఆ నష్టమును తానే మోసెడివాడు. ఆ ఎక్స్ఛేంజి 2007లో గుర్తింపు కోల్పోవునాటికే జాబరుల అరుపులు అణగిపోయి, వారి పీటపై కంప్యూటరు కూర్చుండెను. ఒకే ధరకు ఆర్డరు పెట్టినవారిలో ముందు వచ్చినవానికే ముందు సరకు దక్కును గనుక, ఎక్స్ఛేంజి ప్రక్కనే కాపురమున్న ఆ యంత్రములకు వెనుక, వరుస చివర, మన యువకుడు నిలిచియుండును; కొను ఆర్డరులలో అతని వంతు వచ్చుట యనగా, ముందున్నవారి కోరిక లన్నియు తీరి, అమ్మువారు ఇంకను ఎగబడుచుండగా, ధర కూలబోవుచున్న క్షణము వచ్చుటయే. లాభము వచ్చు బేరమున సరకు అందదు. నష్టము వచ్చు బేరమున నిండుగా అందును.

ఇక లెక్క చూతము. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి (ఎన్‌ఎస్‌ఈ) 2024 జూన్ నుండి 250 రూపాయల లోపు షేర్లకు ధర కదలు మెట్టును ఐదు పైసల నుండి ఒక్క పైసాకు దించినది. వేయి షేర్లు 10 రూపాయల చొప్పున కొని ఆ ఒక్క పైసా లాభమునకు అమ్మినచో వచ్చునది 10 రూపాయలు. అమ్మకముపై 0.025 శాతము లావాదేవీ పన్ను రెండున్నర రూపాయలు. ఎక్స్ఛేంజి రుసుము, స్టాంపు సుంకము కలిసి సుమారు 90 పైసలు. బ్రోకరు దయతలచి ఒక్కొక్క వైపు 0.03 శాతమే పుచ్చుకొనినను ఆరు రూపాయలు. జీఎస్టీ రూపాయికి పైన. వెరసి పదిన్నర దాటినది. బేరము గెలిచి అర్ధరూపాయి ఓడినాడు!

అమెరికాలో ఈ పని కొందరికి గిట్టుబాటైనదన్న మాట నిజమే. అచ్చటి ఎక్స్ఛేంజీలు పలువాటిలో, ఆర్డరు పెట్టి కాచుకొనినవానికి షేరునకింత యని తిరుగు సొమ్ము ముట్టును. అది విలువనుబట్టి గాక సంఖ్యనుబట్టి ఇచ్చునది గావున, పదివేల డాలర్లకు నూరు డాలర్ల షేర్లు నూరు కొనుటకంటె ఐదు డాలర్లవి రెండువేలు కొనినవానికి ఇరువదింతలు దక్కును. మన దేశమున అట్టి తిరుగు సొమ్ము మరియొక దారి పట్టినది. వ్యాపారము పెరిగినకొలది ఎక్స్ఛేంజి బ్రోకరువద్ద తక్కువ రేటు తీసికొనెడిది; బ్రోకరు మాత్రము ఖాతాదారువద్ద హెచ్చు రేటే వసూలుచేసి, నడిమి తేడాను తన పెట్టెలో వేసికొనుట చెల్లినది. 2024 జూలైలో షేరు బజారుల నియంత్రణ సంస్థయగు సెబీ ఆజ్ఞాపింపగా అక్టోబరు 1 నుండి అందరికి ఒకే రేటు వచ్చి ఆ తేడా నిలిచిపోయెను. అంతవరకు యువకుని మాటిమాటి బేరములే యొకరికి సరకు. అడ్తి ముట్టినది బ్రోకరునకే గాని యువకునికి గాదు.

2022-23లో ఇంట్రాడే, అనగా కొన్ననాడే అమ్ము బేరము, చేసిన వ్యక్తులలో 71 శాతము నష్టపోయిరనియు, ఏడాదికి 500కు మించి బేరములాడినవారిలో 80 శాతమనియు సెబీ అధ్యయనము తేల్చినది; ముప్పది యేండ్ల లోపువారి వంతు నాలుగేండ్లలో 18 నుండి 48 శాతమునకు పెరిగినది. ఎంత ఎక్కువ కష్టపడిన అంత ఎక్కువ నష్టమన్న ఈ విపరీతము ఏ సేద్యమునను లేదు.

ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్లు, ఆప్షన్లు) బేరమునకు దిగువారికి పదిమందిలో తొమ్మిదిమంది నష్టపోవుచున్నారన్న హెచ్చరికను తెరపై చూపవలెనని సెబీ 2023లోనే నియమము చేసినది. ఇంట్రాడే మీట దగ్గర శాతములకంటె సూటియైన మాట కావలెను: ఈ షేరు రెండు పైసలు పెరిగినగాని నీకు మిగులు లేదని. యార్డులో తక్‌పట్టీ సరకు అమ్ముడైన పిదప గాని చేతికి రాదు. ఫోనులో దానిని మీట నొక్కకమునుపే చూపుట యంత్రమునకు రెప్పపాటు పని.