బుర్కినీపై ఆంక్షలు.. గట్టుకే పరిమితమైన మహిళలు

ముఖం, చేతులు, పాదాలు మినహా ఒంటినంతా కప్పే ఈత దుస్తులే ‘బుర్కినీ’. సంప్రదాయం వీడకుండానే ముస్లిం మహిళలు నీటిలో దిగేందుకు ఆస్ట్రేలియా డిజైనర్ అహెదా జనెట్టి 2004లో వీటిని రూపొందించారు. 2007లో సిడ్నీ తీరంలో ఓ ముస్లిం యువతి ఇవి ధరించే ప్రాణరక్షకురాలిగా విధుల్లో చేరారు.

ఫ్రాన్స్‌లో పరిస్థితి వేరు. 2016 జులైలో నీస్‌లో జరిగిన ఉగ్రదాడి దరిమిలా దాదాపు 30 పట్టణాలు బీచ్‌లలో బుర్కినీని నిషేధించాయి. ప్రజాశాంతికి ముప్పున్నట్లు ఆధారాల్లేవంటూ అత్యున్నత పాలనా న్యాయస్థానం ఆగస్టు 26న ఒక పట్టణ ఉత్తర్వును నిలిపివేసింది. సముద్రంలో డైవింగ్ చేసేవారి దుస్తులూ ఒంటినంతా కప్పేవే. వాటిపై ఎవరికీ అభ్యంతరం లేకపోవడం గమనార్హం.

2022లో గ్రెనోబుల్ నగరపాలక సంస్థ తన ఈత కొలనుల్లో బుర్కినీని అనుమతించగా, ఒక వర్గం కోసమే నిబంధన సడలించారంటూ అదే న్యాయస్థానం అడ్డుకుంది. బుర్కినీ తప్ప మరొకటి ధరించని మహిళలకు అక్కడ గట్టే దిక్కయింది.