వెళ్ళారు, పోయాడు!

మా వీధిలో ఇద్దరు కుర్రాళ్ళు దేశం దాటారు. ఇంజనీరు అమెరికా ‘వెళ్ళారు’ట! తాపీపనివాడు దుబాయి ‘పోయాడు’ట! మన నాలుకలకెంత మర్యాద తెలుసో చూశారా?

సర్కారూ తక్కువేం తినలేదు. పదో తరగతి ప్యాసైనవాళ్ళు గల్ఫుకి నేరుగా విమానమెక్కొచ్చు. ప్యాసవ్వనివాళ్ళు మాత్రం 1983 నాటి వలస చట్టం ప్రకారం ముందు అనుమతి తెచ్చుకోవాలి. కాపాడటానికేనంటారు, కాదనను. కానీ ఆ కాగితాల చిక్కులోనే ఏజెంటు వల పన్నేది!

పెద్ద చదువులవాళ్ళు వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తారు. తాపీపనివాడి తరఫున అప్పే ఆలోచిస్తుంది.

‘చదువుకుంటే బాగుపడేవాడుగా!’ అంటారు పెద్దమనుషులు. నిజమే. ఎనిమిదో తరగతిలో ఆ పిల్లాడి చేతిలో పుస్తకం తీసి తాపీ పెట్టినప్పుడు మనమంతా ఎక్కడున్నామండీ? నా సంగతి చెప్పనా? అతనిచేత మా ప్రహరీగోడ కట్టించుకుంటున్నాను!