అడుగు పొర తెలియని యాప్ చదువు

2018 ఫిబ్రవరిలో ప్రపంచ టెక్నాలజీ వార్తల్లోకి ఒక తెలుగు అక్షరం ఎక్కింది. ఆ అక్షరం ‘జ్ఞా’. ఐఫోన్ వాడేవారికి ఎవరైనా దాన్ని మెసేజ్‌గా పంపితే చాలు, చూస్తున్న యాప్ ఉన్నట్టుండి మూతపడేది. మళ్లీ తెరిస్తే అదే మెసేజ్‌ను చూపించబోయి మళ్లీ మూతపడేది. ఐఫోన్ సొంత మెసేజెస్ యాప్ మొదలుకొని వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్ దాకా ఎన్నో యాప్‌లు దానికి చిక్కాయి. నోటిఫికేషన్‌లో వస్తే హోం స్క్రీనే కుప్పకూలేది. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేశాక గానీ ఆ గొడవ సద్దుమణగలేదు.

తప్పు తెలుగు లిపిది కాదు. మనం రోజూ టైప్ చేసే ‘జ్ఞానం’తో ఏ ఇబ్బందీ రాలేదు. జకారం, పొల్లు, ఞకారం అయ్యాక, దీర్ఘానికి ముందు కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు వచ్చి చేరినప్పుడే చిక్కు. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ అలాంటి కూర్పులు కొన్ని బయటపడ్డాయి. అక్షరాలను తెరపై ఎలా గీయాలో లెక్కగట్టే ‘కోర్‌టెక్స్ట్’ అనే ఆపిల్ లైబ్రరీ ఆ కూర్పును సరిగా పరిశీలించకుండానే ముందుకు పోయి మెమరీని పాడుచేసేది. యాప్ రాసినవారి కోడ్‌లో పొరపాటు లేదు. తిట్లు తిన్నది మాత్రం వారే.

యాప్‌కు, ఫోన్‌కు మధ్య ఉండే ఈ పొరనే నేటివ్ కోడ్ అంటారు. ఆండ్రాయిడ్‌లో జావా, కోట్లిన్, సీ ప్లస్ ప్లస్; ఐఫోన్‌లో ఆబ్జెక్టివ్-సీ, స్విఫ్ట్. ఒకప్పుడు యాప్ చేయాలంటే ఈ భాషల్లో రెండుసార్లు, రెండు బృందాలతో రాయించాల్సి వచ్చేది. 2015లో ఫేస్‌బుక్ ‘రియాక్ట్ నేటివ్’ను ఓపెన్ సోర్స్‌గా ఇచ్చింది. 2018 డిసెంబరులో గూగుల్ ‘ఫ్లట్టర్’ 1.0 విడుదల చేసింది. జావాస్క్రిప్ట్‌లోనో డార్ట్‌లోనో ఒక్కసారి రాస్తే రెండు రకాల ఫోన్లలోనూ నడుస్తుంది. నలుగురైదుగురితో నడిచే స్టార్టప్‌కు ఇది పెద్ద ఊరట. డిగ్రీ కాగానే అమీర్‌పేటలో గది తీసుకుని కోర్సులో చేరే కుర్రవాడికి ఉద్యోగానికి దగ్గరి దారి. దీన్ని తప్పుపట్టాల్సిన పని లేదు.

తప్పుపట్టాల్సింది ఆ చదువు ఆగిపోతున్న చోటును. విడ్జెట్లు, స్టేట్ మేనేజ్‌మెంట్, ఏపీఐ కాల్స్, లాగిన్ స్క్రీన్ నేర్పేసరికి కోర్సు ముగుస్తుంది. కెమెరా, బ్లూటూత్, మ్యాపులు, పేమెంట్, వేలిముద్ర వంటివన్నీ ‘ప్లగిన్’ పేరుతో ఒక్క లైనులో వచ్చి చేరతాయి. ఆ ఒక్క లైను వెనుక వేరెవరో రాసిన నేటివ్ కోడ్ ఉంటుందని, అది విరిగిన రోజున చూసుకోవాల్సింది తానేనని విద్యార్థికి చెప్పేవారు తక్కువ.

పై పొరలో తప్పు జరిగితే ఎర్ర తెర వస్తుంది. ఏ ఫైలు, ఏ లైను అన్నది ముఖం మీదే రాసి ఉంటుంది. నేటివ్ పొరలో తప్పు జరిగితే యాప్ చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. జావాస్క్రిప్ట్‌లో ఎన్ని ‘ట్రై-క్యాచ్’లు రాసుకున్నా ఫలితం లేదు. వాటికి కబురు అందేలోపే ఆపరేటింగ్ సిస్టం ప్రాసెస్‌ను చంపేస్తుంది. ఆండ్రాయిడ్ లాగ్‌లో సిగ్నల్ 11 అనే మాట, కొన్ని మెమరీ చిరునామాలు మిగులుతాయి. ఆ చావు వివరాలన్నీ ఫోన్ ఒక ఫైలులో దాచిపెడుతుంది. దానికి ఇంజనీర్లు పెట్టిన పేరు ‘టూంబ్‌స్టోన్’, అంటే సమాధి రాయి.

ఆ చిరునామా పొలం సర్వే నంబరు లాంటిది. నంబరు చూసినంత మాత్రాన పొలం ఎవరిదో తెలియదు. తెలంగాణలో పహాణీ, ఆంధ్రలో అడంగల్ తెరవాలి. ఇక్కడ ఆ రికార్డు పని చేసేది సింబల్ ఫైలు. ఐఫోన్ వైపు దాన్ని డీసిమ్ అంటారు. ఆండ్రాయిడ్‌లో ఫంక్షన్ల పేర్లు తీసేయక ముందున్న లైబ్రరీ ఫైళ్లే ఆ రికార్డు. ప్రతి బిల్డ్‌కూ దాని రికార్డు దానికే ఉంటుంది. నిన్నటి బిల్డ్ సింబల్ ఫైలుతో ఇవాళ్టి క్రాష్‌ను చదివితే ఒకరి పొలం ఇంకొకరి పేరున కనిపించినట్టే ఉంటుంది. విడుదలైన ప్రతి వెర్షన్‌కూ ఈ ఫైళ్లను భద్రపరచడం, క్రాష్ రిపోర్టులు సేకరించే సేవకు అప్‌లోడ్ చేయడం పెద్ద ఖర్చేమీ కాదు. చేయకపోతే మాత్రం వేలమంది ఫోన్లలో యాప్ పడిపోతున్నా కారణం అంకెల వరసగానే మిగిలిపోతుంది.

ఇంకో చిక్కు ఉంది. తప్పు వెతకడానికి వాడే పనిముట్టే దారి తప్పించగలదు. రియాక్ట్ నేటివ్‌లో చాలాకాలం నడిచిన డీబగ్గింగ్ పద్ధతిలో జావాస్క్రిప్ట్ ఫోన్‌లో కాకుండా కంప్యూటర్‌లోని క్రోమ్ బ్రౌజర్‌లో నడిచేది. క్రోమ్‌ది వీ8 ఇంజిన్. అప్పట్లో ఫోన్‌లో ఉన్నది జావాస్క్రిప్ట్‌కోర్. లక్ష రూపాయలను భారతీయ పద్ధతిలో చూపించమంటే క్రోమ్ 1,00,000 అని చక్కగా కామాలు పెట్టేది. డీబగ్గర్ ఆపేసి ఆండ్రాయిడ్ ఫోన్‌లో చూస్తే కామాల్లేకుండా 100000 అని వచ్చేది. ఆ ఇంజిన్‌తో భాషలు, అంకెల పద్ధతులకు సంబంధించిన భాగం మామూలుగా కలిసి వచ్చేది కాదు మరి. కొన్ని తేదీల రాతను క్రోమ్ అర్థం చేసుకుంటే ఫోన్ చెల్లదనేది. వెతకడం మొదలుపెట్టగానే తప్పు మాయం, ఆపగానే ప్రత్యక్షం. ఆ పద్ధతిని రియాక్ట్ నేటివ్ బృందం తర్వాత పక్కనపెట్టింది. ఇప్పటి డీబగ్గర్, జావాస్క్రిప్ట్‌కోర్ స్థానంలో ఫోన్‌లో నడిచే హెర్మీస్ ఇంజిన్‌తోనే నేరుగా మాట్లాడుతుంది.

ఫ్లట్టర్‌లోనూ ఇలాంటి తేడా ఉంది. డీబగ్ బిల్డ్‌లో డార్ట్ కోడ్ నడుస్తుండగానే కంపైల్ అవుతుంది. రిలీజ్ బిల్డ్‌లో ముందే యంత్రభాషలోకి మారిపోయి ఉంటుంది. సేవ్ చేయగానే తెర మారే ‘హాట్ రీలోడ్’ డార్ట్ కోడ్‌ను మాత్రమే మారుస్తుంది. కొత్త ప్లగిన్ చేర్చి యాప్‌ను మొదటి నుంచి బిల్డ్ చేయకపోతే ‘ప్లగిన్ దొరకలేదు’ అనే ఎర్రర్ వస్తుంది. కొత్తగా నేర్చుకునేవారు ఆ ఎర్రర్‌తో గంటలు గంటలు కుస్తీ పడతారు. ఆండ్రాయిడ్ రిలీజ్ బిల్డ్‌లో ఆర్8 అనే పనిముట్టు వాడని క్లాసులను తీసేసి సైజు తగ్గిస్తుంది. పేరుతో వెతికి పిలిచే క్లాసును అది వాడనిదిగా పొరబడితే, టేబుల్ మీద చక్కగా నడిచిన యాప్ ప్లే స్టోర్ నుంచి దించుకున్నవారి దగ్గర తెరుచుకోదు.

కొన్నిసార్లు ఎవరూ ఏదీ మార్చకపోయినా పని ఆగిపోతుంది. 2022 నవంబరు 4న ప్రపంచవ్యాప్తంగా రియాక్ట్ నేటివ్ ఆండ్రాయిడ్ ప్రాజెక్టులు ఒక్కసారిగా బిల్డ్ కావడం మానేశాయి. ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లో, గ్రాడిల్ అనే బిల్డ్ పనిముట్టు చదివే ఫైలులో లైబ్రరీ వెర్షన్ ఉండాల్సిన చోట ఒక ప్లస్ గుర్తు ఉండేది. అన్నిటికన్నా కొత్తది తెచ్చుకో అని దాని అర్థం. అన్నాళ్లూ ఆ వెతుకులాట ప్రాజెక్టు ఫోల్డర్‌లోని కాపీ దగ్గరే తేలిపోయేది. ఆ రోజు 0.71 వెర్షన్ ప్రయోగాత్మక కాపీని మావెన్ సెంట్రల్ అనే బహిరంగ భాండాగారంలో పెట్టడంతో పాత ప్రాజెక్టులన్నీ దాన్ని లాక్కున్నాయి. బృందం తప్పును ఒప్పుకుని, పాత వెర్షన్లకూ వరసగా సవరణలు విడుదల చేసింది. గ్రాడిల్ ఫైలు ఎలా చదవాలో తెలిసినవారు అంతకుముందే వెర్షన్‌ను బిగించుకుని పనిలో పడ్డారు. ఆ ఫోల్డర్‌ను ఎన్నడూ తెరవనివారు సవరణ వచ్చేదాకా ఎదురుచూడక తప్పలేదు.

ఇదంతా చూసి ‘ఉమ్మడి కోడే వద్దు’ అన్న కంపెనీలూ ఉన్నాయి. 2016లో రియాక్ట్ నేటివ్‌ను తీసుకున్న ఎయిర్‌బీఎన్‌బీ 2018లో దాన్ని వదిలేస్తున్నట్టు ప్రకటించింది. కారణాలను దాచుకోకుండా వరస వ్యాసాల్లో రాసింది. రెండు వేదికలు ఒకటవుతాయనుకుంటే మూడయ్యాయన్నది అందులో తేలిన సారం. డ్రాప్‌బాక్స్ 2013 నుంచి సీ ప్లస్ ప్లస్‌లో ఉమ్మడి కోడ్ నడిపి, 2019లో ఆ దారి మానుకున్నట్టు చెప్పింది. సొంత పనిముట్లు తయారుచేసుకోవడం, పొరల మధ్య డీబగ్ చేయడం, ఆ పని తెలిసినవారిని వెతకడం కలిపి చూస్తే రెండుసార్లు రాసుకోవడమే చౌక అని దాని లెక్క.

ఆ లెక్క అందరికీ వర్తించదు. షాపిఫై 2020లో తన మొబైల్ భవిష్యత్తు రియాక్ట్ నేటివ్‌దేనని ప్రకటించి, ఆ దారిలోనే కొనసాగింది. అలాగని నేటివ్ నిపుణులను వదులుకోలేదు. అవసరమైన చోట నేటివ్ కోడే వాడుతోంది. ఉమ్మడి కోడ్ వల్ల టైపింగ్ సగానికి తగ్గవచ్చు. అడుగు పొరను అర్థం చేసుకోవాల్సిన పని తగ్గదు. కాబట్టి ఆ పనికి మనుషులను, సమయాన్ని, జీతాన్ని కేటాయించాలి. ‘ఇద్దరు చేసే పని ఒక్కరితో అయిపోతుంది’ అని క్లయింట్‌కు అంచనా ఇచ్చి, ఆ భారాన్ని అర్ధరాత్రి క్రాష్‌తో ఒంటరిగా పోరాడే జూనియర్ మీద వేయడం అన్యాయం.

తాజా ఉదాహరణ ఇంకా కళ్ల ముందే ఉంది. ఆండ్రాయిడ్ మొదటి నుంచి మెమరీని 4 కేబీ పేజీలుగా విభజించుకునేది. ఆండ్రాయిడ్ 15 నుంచి 16 కేబీ పేజీలతో నడిచే ఫోన్లకు మద్దతు వచ్చింది. ఆండ్రాయిడ్ 15, ఆపై వెర్షన్లను లక్ష్యంగా పెట్టుకున్న కొత్త యాప్‌లు, అప్‌డేట్లు దీనికి సిద్ధంగా ఉండాలంటూ గూగుల్ ప్లే 2025 నవంబరు 1ని గడువుగా పెట్టింది. పూర్తిగా కోట్లిన్‌లోనో జావాలోనో రాసిన యాప్‌కు దీనితో పెద్దగా పని లేదు. ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ యాప్‌ల సంగతి వేరు. రాసినవారు ఒక్క లైను సీ ప్లస్ ప్లస్ ముట్టకపోయినా వాటి కడుపులో ఇంజిన్ తాలూకు, ప్లగిన్ల తాలూకు నేటివ్ లైబ్రరీలు ఉంటాయి. ఫ్రేమ్‌వర్క్ తయారీదారులు తమ వంతు సరిచేశారు. రచయిత ఎప్పుడో వదిలేసిన ప్లగిన్‌ను ఎవరు సరిచేస్తారు? దాన్ని ఏరికోరి తెచ్చుకున్నవారే దాని సోర్స్ తెరిచి మళ్లీ బిల్డ్ చేసుకోవాలి, లేదా మరోటి వెతుక్కోవాలి.

ఈ పనికి సీ ప్లస్ ప్లస్‌లో పండితులు కానక్కర్లేదు. అనుభవం ఉన్నవారు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: తప్పు ఏ పొరలో ఉంది? ఖాళీ ప్రాజెక్టులో ఆ ఒక్క ప్లగిన్‌నే పెట్టి చూస్తారు. అక్కడా పడిపోతే తమ కోడ్ మీద అనుమానం తీరుతుంది. ఆండ్రాయిడ్ ఫోల్డర్‌ను ఆండ్రాయిడ్ స్టూడియోలో, ఐఓఎస్ ఫోల్డర్‌ను ఎక్స్‌కోడ్‌లో తెరిచి, ఎల్ఎల్‌డీబీ డీబగ్గర్ తగిలించి, నడుస్తున్న యాప్‌ను అనుమానమున్న చోట ఆపి చూస్తారు. మెమరీ పాడవుతోందని అనిపిస్తే అడ్రెస్ శానిటైజర్ పెట్టి నడుపుతారు. ఎమ్యులేటర్‌ను నమ్మకుండా పాత ఫోన్, చవక ఫోన్, రిలీజ్ బిల్డ్‌తో పరీక్షిస్తారు. ఇవన్నీ నేర్పితే వచ్చే అలవాట్లు.

నేర్పడానికి ఒక వారం చాలు. రెండు నెలల ఫ్లట్టర్ కోర్సులో చివరి వారం కొత్త స్క్రీన్లేవీ కట్టించకుండా, కావాలని విరగ్గొట్టిన ప్లగిన్ ఒకటి, దాని టూంబ్‌స్టోన్ ఫైలు, సింబల్ ఫైలు విద్యార్థి చేతికివ్వాలి. ఏ లైబ్రరీ, ఏ ఫంక్షన్, ఏ లైను, ఎందుకు అన్నది ఒక పేజీలో రాయించాలి. ఇంజనీరింగ్ కాలేజీల్లో చివరి ఏడాది ప్రాజెక్టుకు అటెండెన్స్ యాప్‌లు మళ్లీ మళ్లీ కట్టించే బదులు ఈ పేజీకి మార్కులు వేయవచ్చు. హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ ఇంటర్వ్యూలు చేసే కంపెనీలు ‘ఎన్ని యాప్‌లు చేశావు’ అని అడిగేటప్పుడు ఆ పేజీని కూడా చూపించమని అడగడం మొదలుపెడితే, కోచింగ్ సెంటర్లు దాన్ని సిలబస్‌లోకి తేవడానికి ఒక్క బ్యాచ్ కాలం కూడా పట్టదు.