నీళ్ళు తాగమన్నారు సరే

క్రాన్‌బెర్రీ మాత్రల మీద నాకు కోపం లేదు. ఆ పండురసం తాగమని సిఫార్సు చెయ్యలేమని 2012లో తేల్చిన కోక్రేన్ సమీక్షే, 2023లో యాభై పరిశోధనలు చూసి మాట మార్చుకుంది: పదే పదే యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చే స్త్రీలకి క్రాన్‌బెర్రీతో ఆ ముప్పు సుమారు నాలుగో వంతు తగ్గుతుందట. డి-మానోజ్ పొడి సంగతి వేరు. బ్రిటన్‌లో 598 మంది స్త్రీల మీద చేసిన పరిశోధన 2024లో వెలువడింది. ఆ పొడి తాగినవాళ్ళలో 51 శాతం, ఉత్తుత్తి పొడి తాగినవాళ్ళలో 55.7 శాతం మళ్ళీ ఇన్‌ఫెక్షన్ అనుమానంతో వైద్యానికి వెళ్ళారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. అయినా ఈ రెంటినీ కలిపిన సాషేలు మెడికల్ షాపుల్లో దొరుకుతూనే ఉన్నాయి.

నా కోపం ఇంకోచోట. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో, నీళ్ళు తక్కువ తాగే 140 మంది స్త్రీలలో సగం మంది చేత రోజూ అదనంగా లీటరున్నర తాగించారు. ఏడాదిలో వాళ్ళకి సగటున 1.7 సార్లు ఇన్‌ఫెక్షన్ వస్తే, మిగతావాళ్ళకి 3.2 సార్లు వచ్చింది. మాత్ర కాదు, పొడి కాదు, వట్టి నీళ్ళు.

మరి ఆ నీళ్ళు తాగి ఎక్కడికి వెళ్ళాలి?

నేను మొదట పాఠం చెప్పిన కాలేజీలో ఆడ లెక్చరర్లందరికీ ఒకటే బాత్రూము. దానికి తాళం. తాళంచెవి ప్రిన్సిపాల్ గదిలో. నలుగురు మగవాళ్ళు కూర్చున్న గదిలోకి వెళ్ళి చెయ్యి చాచడం కన్నా నాలుక ఎండబెట్టుకోవడమే నయమనిపించేది. పొద్దున కాఫీ తర్వాత ఇల్లు చేరేదాకా చుక్క నీళ్ళు ముట్టని స్నేహితురాళ్ళు నాకున్నారు. మంట మొదలైతే 'వేడి చేసింది' అని బార్లీ నీళ్ళు కాచుకోవడం. ఎంత సౌకర్యమైన మాట! తప్పంతా మన ఒంటిదే, తాళం వేసినవాళ్ళది కాదు.

కోళికోడ్ బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసే స్త్రీలు ఆ మాటతో సరిపెట్టుకోలేదు. పి. విజి కూడగట్టిన 'పెణ్‌కూట్టు' మొదట అడిగినవాటిలో మూత్రశాల ఒకటి. కూర్చునే హక్కు కోసం పోరాడి 2018లో కేరళ చట్టాన్నే మార్పించారు. మనం శరీర రాజకీయాల మీద ఇంత రాశాం, మూత్రాశయం మాత్రం అందులోకి రాలేదెందుకో!

డాక్టరమ్మలూ, చీటీ మీద సాషే పేరు రాసే ముందు ఒక్క ప్రశ్న వెయ్యండి: నువ్వు పనిచేసేచోట బాత్రూము ఉందా, తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?