మూయకముందే చూపించుడి

ఉద్యోగ విరమణ తరువాత కొందరు తోట వేయుదురు, కొందరు గేదెలు పెంచుదురు. అమెరికాలో కొందరు పెద్దలు ఇంటి గ్యారేజీలోనే విమానము కట్టుచున్నారు! అల్యూమినియం రేకులు, రివిట్లు తెప్పించుకొని ఏండ్ల తరబడి కూర్చుదురు. పనిలో ఎక్కువ భాగము కట్టువారే చేయవలెనని అచ్చటి నియమము.

మనము నేర్చుకొనదగినది ఆ చిన్న రివిట్టు యొద్దనే ఉన్నది. దానిని కొట్టినప్పుడు లోపలి వైపున ఏర్పడు తల, కాడ మందమునకు ఒకటిన్నర రెట్లు వెడల్పుండవలెను. వంకర పోయినచో డ్రిల్లుతో తీసి మరల కొట్టవలెను. రెక్క మూసిన పిమ్మట దానిని ఎవరు చూడగలరు? కాబట్టి మూయకముందే ఇతరులకు చూపించుట మంచిది. పాల్ పోబరెజ్నీ 1953లో స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్‌లోని అనుభవజ్ఞులు ఇందుకొరకు ఉచితముగా వచ్చి చూచెదరు. జీవితమంతా పదిమందికి పని చెప్పిన పెద్దమనిషి, తనకంటె చిన్నవాని మాట విని తన చేతిపనిని విప్పుట సులభమా? అయినను ప్రాణముల కొరకు విప్పవలసినదే.

ప్రభుత్వ తనిఖీ ముగిసి అనుమతి వచ్చినను, సాధారణముగా మొదటి 25 లేక 40 గంటలు నిర్ణీత ప్రాంతములోనే ఎగిరి పరీక్షించవలెను. అంతవరకు మనుమలను ఎక్కించుకొనరాదు.

మన ఇండ్లలోను మోటారు స్టార్టరు వైర్లు తామే కలుపు తాతలున్నారు. అయ్యా, మీ చేతి నేర్పును మేము శంకించుట లేదు. అయినను స్విచ్చి వేయకముందు, తెలిసిన మరియొకరిని పిలిచి చూపించుడి. ఆ నీటి తొట్టి యొద్దకు వచ్చువారు మీ మనుమలే గదా!